సారథికి అధికారం ఎంత? : విమాన స్వయంచాలక నియంత్రణలో కర్తృత్వం, బాధ్యత

వ్యాససంగ్రహం:
ఆధునిక ప్రయాణిక విమానాల్లో కంప్యూటర్ వ్యవస్థలకు, పైలట్లకు మధ్య అధికార విభజన ఎలా ఉండాలన్న ప్రశ్నను ఈ వ్యాసం నైతిక దృష్టితో పరిశీలిస్తుంది. వ్యాకరణశాస్త్రంలోని కర్తృ-కరణ విచారణ, మీమాంసాశాస్త్రంలోని అధికారి లక్షణం ఈ పరిశీలనకు ఆధారాలు. 1990 నుంచి 2019 వరకు జరిగిన కొన్ని విమాన ప్రమాదాలను ఈ రెండు భావనల వెలుగులో వివేచించి, యంత్రానికి ఎంత అధికారం ఇచ్చారన్నదానికన్నా ఆ సంగతి పైలట్‌కు తెలుసా, అవసరమైనప్పుడు దాన్ని నిలువరించే శక్తి అతనికి ఉందా అన్న అంశాలే నీతిరీత్యా నిర్ణాయకమని ప్రతిపాదిస్తుంది.

కీలకపదాలు: కర్త, కరణం, అధికారం, బాధ్యత, స్వయంచాలక వ్యవస్థ, విమాన భద్రత, సారథ్యం.

ఉపోద్ఘాతం

2018 అక్టోబరు 29వ తేదీ ఉదయం జకార్తా నుంచి బయలుదేరిన లయన్ ఎయిర్ 610 విమానం సుమారు 12 నిమిషాలకు జావా సముద్రంలో కూలిపోయింది. అందులోని 189 మందీ మరణించారు. అది బోయింగ్ 737 మాక్స్ రకానికి చెందిన కొత్త విమానం. దాని కెప్టెన్ భారతీయుడు. విమానంలోని ఒక కంప్యూటర్ వ్యవస్థ ముక్కుభాగాన్ని పదేపదే కిందికి దించుతుంటే కెప్టెన్ ఇరవైసార్లకు పైగా దాన్ని పైకి తీసుకువచ్చాడు. తనకు ఎదురు నిలిచినది ఏమిటో అతనికి తెలియదు. ఆ వ్యవస్థ గురించిన వివరణ పైలట్లకు ఇచ్చిన నిర్వహణ గ్రంథంలో లేదు. 2019 మార్చి 10న ఆడిస్ అబాబా నుంచి నైరోబీకి బయలుదేరిన ఇథియోపియన్ ఎయిర్‌లైన్స్ 302 విమానంలోనూ అదే వ్యవస్థ అదే విధంగా పనిచేసింది. బయలుదేరిన ఆరు నిమిషాలకు విమానం నేలకూలి 157 మంది చనిపోయారు. ఆ దుఃఖం తెలుగునేలకూ చేరింది.

ఈ రెండు ప్రమాదాల తరువాత ఒక పాత ప్రశ్న మళ్లీ బలంగా ముందుకు వచ్చింది. ఆకాశంలో తుది మాట ఎవరిది? మనిషిదా, యంత్రానిదా? అంతర్జాతీయ నిబంధనల్లో దీనికి సమాధానం ఉంది. 1944 నాటి షికాగో ఒడంబడికకు చెందిన రెండవ అనుబంధం విమానం విషయంలో తుది అధికారాన్ని ప్రధాన పైలట్‌కే అప్పగించింది. కాని నిబంధనలో రాసి ఉన్న అధికారం, చేతిలో ఉన్న అధికారం ఒకటి కానప్పుడు ఏమవుతుంది? జరిగినదానికి జవాబు చెప్పవలసింది ఎవరు? ఇవి ఇంజనీరింగ్ పరిధిని దాటిన ప్రశ్నలు. కర్తృత్వాన్ని, అధికారాన్ని గురించి భారతీయ శాస్త్రాలు చేసిన సూక్ష్మ విచారణ వీటిని స్పష్టపరచడానికి ఎంతవరకు తోడ్పడుతుందో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

1. వాక్యంలో కర్త, ప్రమాదంలో కర్త

ప్రమాదం జరిగిన మరునాడు పత్రికలు "విమానం కూలింది" అని రాస్తాయి. క్రియ అకర్మకం, కర్త విమానమే. దర్యాప్తు మొదలయ్యాక "పైలట్ తప్పిదం వల్ల", "యంత్రలోపం వల్ల" అనే హేత్వర్థక పదాలు వచ్చి చేరతాయి. ఒకే సంఘటనకు ఇన్ని వాక్యాలు సాధ్యం కావడం యాదృచ్ఛికం కాదు. ఏ కారకాన్ని ఎలా చెప్పాలన్నది వక్త వివక్షపై ఆధారపడి ఉంటుందని వ్యాకర్తలు ఏనాడో గుర్తించారు. వడ్రంగి ఉలితో చెక్కాడు అన్నప్పుడు ఉలి కరణం. ఈ ఉలి బాగా చెక్కుతుంది అన్నప్పుడు అదే ఉలి కర్త స్థానంలోకి వస్తుంది. వాక్యంలో ఈ మార్పు సహజమే. అయితే ఉలి కర్త అయినంతమాత్రాన చెక్క పాడైతే ఉలిని నిలదీయడం ఎవరూ చేయరు.

పాణిని క్రియలో స్వతంత్రుడైనవాణ్ణి కర్తగా, క్రియాసిద్ధికి అత్యంత ఉపకారకమైనదాన్ని కరణంగా నిర్వచించాడు. స్వతంత్ర కర్తను పనికి పురికొల్పేవాణ్ణి హేతువుగానూ పేర్కొన్నాడు. తెలుగులో ఈ సంబంధం ప్రేరణార్థక క్రియల్లో స్పష్టంగా కనిపిస్తుంది. చిన్నయసూరి బాలవ్యాకరణం క్రియాపరిచ్ఛేదంలో దీని రూపనిష్పత్తి ఉంది. విమాన విషయంలో ఈ మూడు వాక్యాలను పక్కపక్కన పెట్టి చూడవచ్చు: విమానం దిగింది, పైలట్ విమానాన్ని దించాడు, పైలట్ యంత్రం చేత విమానాన్ని దింపించాడు. దట్టమైన పొగమంచులో ఆటోపైలట్ విమానాన్ని రన్‌వే మీద దించినప్పుడు మూడవ వాక్యం యథార్థం. దించినది యంత్రం, దింపించినవాడు పైలట్. అతడే ప్రయోజక కర్త. వ్యవస్థను ఎంచుకున్నదీ, దాని నడతను గమనిస్తున్నదీ, తేడా వస్తే దాన్ని తప్పించగలిగినదీ అతడే కాబట్టి చేతులతో దించకపోయినా స్వాతంత్ర్యం అతనిదే.

737 మాక్స్ విషయంలో వాక్యం వేరు. రూపకర్తలు యంత్రం చేత విమానం ముక్కును దింపించారు. ఈ వాక్యంలో ప్రయోజక కర్త ఉన్నాడు, యంత్రం ఉంది, కర్మ ఉంది. పైలట్ మాత్రం ఏ విభక్తిలోనూ లేడు. వాక్యంలో లేని వ్యక్తిని దర్యాప్తు సమయంలో కర్తగా నిలబెట్టడం ఎంతవరకు న్యాయమన్నదే ఈ చర్చకు మూలం.

2. అధికారి ఎవరు?

తెలుగులో అధికారం అనే పదాన్ని నేడు ఎక్కువగా పెత్తనం, హోదా అనే అర్థాల్లో వాడుతున్నారు. కాని "ఆ మాట అనే అధికారం నీకెక్కడిది?" అని అడిగినప్పుడు ఆ పదంలో అర్హత అనే అర్థం ఇంకా వినిపిస్తూనే ఉంది. శాస్త్రాల్లో ఈ అర్థమే ప్రధానం. జైమిని మీమాంసాసూత్రాల ఆరవ అధ్యాయం అధికార విచారణకు ఉద్దేశించినది. ఒక కర్మకు ఎవరు అధికారి అన్న ప్రశ్నకు మీమాంసకులు మూడు లక్షణాలు చెప్పారు: ఫలాన్ని కోరే అర్థిత్వం, కర్మను నిర్వహించగల సామర్థ్యం, దాన్ని గురించిన విద్య. కర్మఫలం ఎవరికి చెందుతుందో ఆ కర్మకు అతడే అధికారి.

ఈ భావనను చరిత్రలో కొన్ని వర్ణాలవారిని, స్త్రీలను వేదకర్మలకు దూరంగా ఉంచడానికి వాడారన్నది విస్మరించరాని విషయం. ఇక్కడ స్వీకరిస్తున్నది ఆ వినియోగాన్ని కాదు, దాని వెనుక ఉన్న తర్కాన్ని. కోరిక, శక్తి, జ్ఞానం ఒకే చోట కలిసి ఉన్నప్పుడే అధికారం అర్థవంతమవుతుంది. వీటిలో ఏ ఒక్కటి లోపించినా మిగిలేది అధికారం అనే పేరు మాత్రమే.

ఈ త్రిలక్షణాన్ని విమానానికి అన్వయిస్తే ఒక విచిత్రమైన విభజన కనిపిస్తుంది. పైలట్‌కు అర్థిత్వం సంపూర్ణంగా ఉంది. ప్రయాణికులు క్షేమంగా చేరాలన్న కోరికతోపాటు తన ప్రాణమూ అదే విమానంలో ఉంది. యంత్రానికి సామర్థ్యం ఉంది. సెకనులో వందోవంతు కాలంలో అది స్పందించగలదు, అలసట ఎరగదు, భయపడదు. కాని ఫలం దాన్ని తాకదు. రూపకర్తకు విద్య ఉంది. వ్యవస్థ ఏ పరిస్థితిలో ఏం చేస్తుందో అతనికి తెలిసినంతగా మరెవరికీ తెలియదు. కాని అతడు ఆ విమానంలో లేడు. కాబట్టి స్వయంచాలక వ్యవస్థల నైతిక సమస్య మనిషికి, యంత్రానికి మధ్య జరిగే పోటీ అనడం కన్నా, ఒకే చోట ఉండవలసిన మూడు లక్షణాలు మూడు చోట్లకు చెదిరిపోవడం అనడం సమంజసం.

3. రెండు రూపకల్పన సంప్రదాయాలు

1988లో సేవలోకి వచ్చిన ఎయిర్‌బస్ ఎ320 ప్రయాణిక విమానాల చరిత్రలో ఒక మలుపు. అందులో పైలట్ చేతికర్రకు, రెక్కల మీది ఫలకాలకు మధ్య నేరుగా తీగల బంధం లేదు. పైలట్ ఆజ్ఞ విద్యుత్ సంకేతంగా కంప్యూటర్‌కు చేరుతుంది. కంప్యూటర్ దాన్ని పరిశీలించి ఫలకాలను కదుపుతుంది. ఫ్లై-బై-వైర్ అనే ఈ పద్ధతిలో ఎయిర్‌బస్ కొన్ని కఠినమైన హద్దులు పెట్టింది. మామూలు పరిస్థితిలో పైలట్ ఎంత లాగినా విమానం పక్కకు 67 డిగ్రీలకు మించి ఒరగదు. రెక్కలు మోసేశక్తిని కోల్పోయే స్టాల్ స్థితికి చేరదు. బోయింగ్ 1995లో సేవలోకి తెచ్చిన 777లోనూ ఫ్లై-బై-వైర్ ఉంది. అయితే అక్కడి హద్దులు మెత్తనివి. హద్దు దాటబోతే కంట్రోల్ బరువెక్కి పైలట్‌ను హెచ్చరిస్తుంది. కావాలనుకుంటే అతడు మరింత బలంతో దాన్ని దాటగలడు.

ఈ తేడాను చూసి ఎయిర్‌బస్ యంత్రాన్ని నమ్ముతుందని, బోయింగ్ మనిషిని నమ్ముతుందని చాలామంది సూత్రీకరించారు. త్రిలక్షణం దృష్టితో చూస్తే ఈ సూత్రీకరణ నిలవదు. ఎయిర్‌బస్ పైలట్ తన విమానం హద్దులను శిక్షణలోనే నేర్చుకుంటాడు. ఏ హద్దు ఎప్పుడు ఉంటుందో, ఏ లోపం తలెత్తితే తొలగిపోతుందో అతనికి బోధిస్తారు. తెలిసి అంగీకరించిన హద్దు స్వాతంత్ర్యానికి భంగకరం కాదు. ఛందోనియమం తెలిసి పద్యం రాసే కవి పరతంత్రుడు కాడు కదా. 2009 జనవరి 15న న్యూయార్క్‌లో పక్షులు తగిలి రెండు ఇంజన్లూ శక్తి కోల్పోయిన ఎ320ని కెప్టెన్ సలెన్‌బర్గర్ హడ్సన్ నది మీద దించాడు. నదిలో దించాలన్న నిర్ణయం మనిషిది. అతి తక్కువ వేగంలో విమానం స్టాల్ కాకుండా కాపాడిన హద్దు యంత్రానిది. 155 మందీ బతికారు. అక్కడ ఎవరు గొప్ప అన్న ప్రశ్నకు తావు లేదు. ఎవరి పని ఏమిటో ముందే తెలిసి ఉంది.

కఠినమైన హద్దుకూ ప్రమాదం లేకపోలేదు. 2008 అక్టోబరు 7న హిందూ మహాసముద్రం మీదుగా పెర్త్ వైపు వస్తున్న క్వాంటాస్ 72 అనే ఎ330 విమానంలో ఒక సమాచార యూనిట్ తప్పుడు విలువలు పంపింది. వాటిని నమ్మిన కంప్యూటర్లు విమానం ముక్కును రెండుసార్లు హఠాత్తుగా కిందికి దించాయి. వందమందికి పైగా గాయపడ్డారు. పైలట్లు విమానాన్ని లియర్‌మంత్‌లో క్షేమంగా దించారు. రక్షించడానికి పెట్టిన హద్దు తప్పుడు సమాచారం అందితే తానే అపాయంగా మారగలదని ఆ సంఘటన పదేళ్ల ముందే చూపింది.

4. తెలియని అధికారం

737 మాక్స్‌లో పాత 737 కన్నా పెద్ద ఇంజన్లను మరింత ముందుకు, పైకి అమర్చారు. దానివల్ల కొన్ని పరిస్థితుల్లో విమానం ముక్కు పైకి లేచే ధోరణి ఏర్పడింది. ఆ ధోరణిని సరిచేసి, కొత్త విమానం పాతదానిలాగే ప్రవర్తించేటట్లు చేయడానికి ఎంకాస్ అనే వ్యవస్థను చేర్చారు. పాత 737 నడిపే పైలట్లకు సిమ్యులేటర్ శిక్షణ అవసరం లేకుండా కొత్త విమానాన్ని అప్పగించగలగడం వాణిజ్యపరంగా సంస్థకు ముఖ్యమైన లక్ష్యం. ఎంకాస్ గాలికి, రెక్కకు మధ్య కోణాన్ని కొలిచే ఒకే ఒక్క సెన్సర్ మీద ఆధారపడింది. అలాంటి సెన్సర్లు విమానానికి రెండున్నా ఒకదాని మాటనే అది విన్నది. ఒకసారి పనిచేసి ఆగితే సరిపోయేది. సెన్సర్ తప్పు చెబుతున్నంతసేపూ అది మళ్లీ మళ్లీ పనిచేసింది.

మరొక సంగతి ఇంతకన్నా లోతైనది. పాత 737లో తోకరెక్క తనంతట తాను ఒక దిక్కుకు కదులుతుంటే పైలట్ కంట్రోల్ కాలమ్‌ను ఎదురుదిక్కుకు లాగితే ఆ కదలిక ఆగిపోయేది. ఏళ్ల తరబడి పైలట్ల చేతులకు అలవాటైన రక్షణ అది. ఎంకాస్ పనిచేస్తున్నప్పుడు ఆ రక్షణ పనిచేయదు. వ్యవస్థను చెప్పకుండా చేర్చడమే గాక, పైలట్ శరీరంలో ఇంకిన విద్యను కూడా చెప్పకుండా నిరర్థకం చేశారన్నమాట.

లయన్ ఎయిర్ ప్రమాదానికి ముందురోజు అదే విమానం డెన్‌పసార్ నుంచి జకార్తాకు వస్తూ ఇదే సమస్యను ఎదుర్కొన్నది. కాక్‌పిట్‌లో అదనంగా కూర్చున్న మూడో పైలట్ సూచనతో తోకరెక్క మోటారు స్విచ్‌లను ఆపి విమానాన్ని గమ్యం చేర్చారు. అంటే సామర్థ్యం పైలట్లకు ఉంది. కొరవడినది విద్య. ముందురోజు అది యాదృచ్ఛికంగా దొరికింది, మరునాడు దొరకలేదు. ఇథియోపియా విమానంలో పరిస్థితి దీనికి విలోమం. మొదటి ప్రమాదం తరువాత ఎంకాస్ ఉనికిని ప్రకటించారు. ఆ పైలట్లు స్విచ్‌లను ఆపారు కూడా. కాని అప్పటికే వేగం అతిగా పెరిగి తోకరెక్కను చేతిచక్రంతో తిప్పడం వారి శక్తికి మించిపోయింది. గత్యంతరం లేక మోటారును మళ్లీ కలిపినప్పుడు ఎంకాస్ తిరిగి పనిచేసింది. అక్కడ విద్య అందింది, సామర్థ్యం అందలేదు. ఒకచోట జ్ఞానం లేని శక్తి, మరొకచోట శక్తి లేని జ్ఞానం. రెండుచోట్లా అర్థిత్వం మాత్రం పరిపూర్ణం. పైలట్లు చివరిక్షణం వరకు పోరాడారు.

ఈ ప్రమాదాల్లో పైలట్ల శిక్షణను, ఇంజన్ వేగం తగ్గించకపోవడాన్ని, నిర్వహణ లోపాలను ఎత్తిచూపినవారూ ఉన్నారు. ఇండోనేషియా దర్యాప్తు సంస్థ 2019 నాటి తుది నివేదికలో తొమ్మిది కారణాలను పేర్కొన్నది. కారణాలు అనేకమన్నది నిజం. అయితే కారణాల పట్టికలో చోటు ఉండటం వేరు, బాధ్యత మోయవలసి రావడం వేరు. హెచ్చరికలు ఒకదానిపై ఒకటి మోగుతుండగా పైలట్ కొద్ది సెకన్లలోనే సమస్యను గుర్తించి సరిచేస్తాడని రూపకర్తలు ముందే అనుకున్నారు. తెలియజేయని దాన్ని గుర్తించాలని ఆశించడమంటే, స్వాతంత్ర్యాన్ని తీసుకుని బాధ్యతను మాత్రం వదిలిపెట్టడమే.

5. పూర్వపక్షం

పైలట్ అధికారాన్ని ఇంతగా సమర్థించడానికి బలమైన ఆక్షేపణలు ఉన్నాయి. మనిషి పొరబడతాడు, అలసిపోతాడు, కొన్నిసార్లు ద్రోహం చేస్తాడు. యంత్రాన్ని వినకపోవడం వల్ల పోయిన ప్రాణాలూ తక్కువ కావు. ఈ ఆక్షేపణలకు నాలుగు సంఘటనలు నిదర్శనాలు.

మొదటిది 2002 జూలై 1న జర్మనీలోని ఉబర్లింగెన్ మీద ఆకాశంలో రెండు విమానాలు ఢీకొన్న ఘటన. విమానాల్లోని ఢీకొనకుండా కాపాడే వ్యవస్థ ఒక విమానాన్ని పైకి, మరొకదాన్ని కిందికి వెళ్లమన్నది. భూమి మీది నియంత్రణాధికారి మొదటి విమానాన్ని కిందికి దిగమన్నాడు. ఆ పైలట్లు మనిషి మాట విన్నారు. రెండో విమానం యంత్రం మాట విన్నది. 71 మంది మరణించారు. ఇక్కడ యంత్రాన్ని వినడమే సరైన పని అన్నది నిర్వివాదం. అయితే రెండు ఆజ్ఞలు విరుద్ధమైనప్పుడు దేన్ని పాటించాలో నాటి నిబంధనలే అసంపూర్ణంగా, పరస్పర విరుద్ధంగా ఉన్నాయని జర్మన్ దర్యాప్తు తేల్చింది. తరువాత వ్యవస్థ ఆజ్ఞకే ప్రాధాన్యమని అంతర్జాతీయ నిబంధనలు స్పష్టం చేశాయి. నేటి పైలట్ ఆ ఆజ్ఞను పాటించడం దాస్యం కాదు. ఒక విషయంలో తన నిర్ణయం కన్నా యంత్రం నిర్ణయం మేలని తెలిసి, ముందే అంగీకరించి తన స్వాతంత్ర్యాన్ని తానే పరిమితం చేసుకోవడం అది.

రెండవది 2015 మార్చి 24న ఆల్ప్స్ పర్వతాల్లో కూలిన జర్మన్‌వింగ్స్ విమానం. కో-పైలట్ కెప్టెన్‌ను కాక్‌పిట్ బయట ఉంచి, ఆటోపైలట్‌కు అతి తక్కువ ఎత్తును ఆదేశించాడు. యంత్రం విధేయంగా కిందికి దిగింది. 150 మంది మరణించారు. పైలట్ అధికారం పరమపవిత్రమన్న వాదాన్ని ఈ ఘటన పూర్తిగా ఖండిస్తుంది. మీమాంసకుల తర్కంలో దీనికి సమాధానం ఉంది. క్షేమంగా చేరాలన్న ఫలకాంక్ష లేనివాడికి అర్థిత్వం లేదు, అర్థిత్వం లేనివాడు అధికారి కాడు. సామర్థ్యం, విద్య రెండూ ఉన్నా అధికారం అప్పటికే అతన్ని విడిచిపోయింది. కాక్‌పిట్‌లో ఎల్లప్పుడూ ఇద్దరు ఉండాలన్న సూచన ఆ వెంటనే వచ్చింది. ఒకరి అర్థిత్వానికి మరొకరు సాక్షిగా ఉండటమే అందులోని ఆంతర్యం.

మూడవది 1990 ఫిబ్రవరి 14న బెంగళూరులో కూలిన ఇండియన్ ఎయిర్‌లైన్స్ ఎ320. రన్‌వే ఇంకా రాకముందే విమానం నేలను తాకింది. 146 మందిలో 92 మంది మరణించారు. దిగుతున్న సమయంలో ఇంజన్లను అతి తక్కువ శక్తిలో ఉంచే మోడ్‌లో వ్యవస్థ ఉన్న సంగతిని, వేగం పడిపోతున్న సంగతిని పైలట్లు సకాలంలో గుర్తించలేదు. యంత్రం లోపం లేకుండానే పనిచేసింది. కాని తాను ఏ స్థితిలో ఉన్నదో మనిషి మనసుకు ఎక్కేలా చెప్పలేకపోయింది. నిర్వహణ గ్రంథంలో ఉన్న సమాచారానికి, అవసరమైన క్షణాన అందిన జ్ఞానానికి గల దూరాన్ని ఈ ఘటన చూపుతుంది.

నాలుగవది 2009 జూన్ 1న అట్లాంటిక్‌లో కూలిన ఎయిర్ ఫ్రాన్స్ 447. వేగాన్ని కొలిచే గొట్టాలు మంచుతో మూసుకుపోయి ఆటోపైలట్ తప్పుకుంది. ఎ330 హద్దులూ తొలగిపోయాయి. పైలట్ ముక్కును పైకి లాగుతూనే ఉండటంతో విమానం స్టాల్ అయి నాలుగు నిమిషాల్లోపే సముద్రంలో పడింది. 228 మంది మరణించారు. పూర్తి అధికారం పైలట్ చేతికి వచ్చిన క్షణంలోనే ప్రమాదం జరిగింది కనుక ఈ సిద్ధాంతానికి ఇది అన్నిటికన్నా గట్టి పరీక్ష. కాని వచ్చినది ఏ అధికారం? అంత ఎత్తులో, నమ్మదగిన వేగం తెలియని స్థితిలో చేతులతో నడిపే అభ్యాసం ఆ పైలట్లకు లేదు. యంత్రం సులభమైన పనులన్నీ తాను చేసి, కష్టమైనవాటిని అభ్యాసం తప్పిన మనిషికి మిగులుస్తుందని లిసానె బెయిన్‌బ్రిడ్జ్ 1983లోనే తన ప్రసిద్ధ వ్యాసంలో విశ్లేషించారు. హోదా తిరిగి వచ్చింది, అర్హత రాలేదు. పైలట్‌కు అధికారం ఉండాలనేవారు అతనికి నిత్యాభ్యాసం ఉండాలని కూడా అనక తప్పదని ఈ ఘటన నేర్పుతుంది.

6. రెండు రథాలు, ఇద్దరు సారథులు

తనకన్నా శక్తిమంతమైన సహాయకుడితో మనిషి కలిసి పనిచేయవలసి వచ్చినప్పుడు నమ్మకం దేనిపై నిలవాలన్న ప్రశ్నకు మహాభారత కర్ణపర్వం ఒక అపూర్వమైన సన్నివేశాన్ని అందిస్తుంది. కర్ణుడు సర్పముఖాస్త్రాన్ని ఎక్కుపెట్టినప్పుడు గురి సరిగా లేదని, మళ్లీ సంధించమని శల్యుడు హెచ్చరిస్తాడు. రెండోసారి సంధించడం తన పద్ధతి కాదని కర్ణుడు తోసిపుచ్చుతాడు. అదే క్షణంలో ఎదుటి రథం మీద కృష్ణుడు అర్జునుణ్ణి అడగకుండానే రథాన్ని నేలలోకి కుంగదొక్కుతాడు. బాణం అర్జునుడి కిరీటాన్ని మాత్రం తీసుకుపోతుంది.

శల్యుడు చేసినది హెచ్చరిక, కృష్ణుడు చేసినది జోక్యం. నేటి పరిభాషలో మొదటిది పైలట్‌ను మేల్కొలిపే అలారం, రెండవది పైలట్‌ను అడగకుండా విమానాన్ని కాపాడే హద్దు. స్వాతంత్ర్యం దృష్ట్యా శల్యుడే కర్ణుణ్ణి ఎక్కువ గౌరవించాడు, నిర్ణయాన్ని అతనికే వదిలాడు. అయినా ఆ హెచ్చరిక వ్యర్థమైంది. అంతకుముందు దారి పొడవునా శల్యుడు పలికిన నిందలు అతని మాటపై నమ్మకాన్ని చంపేశాయి. పైగా కర్ణుడి తేజోవధ చేస్తానని అతడు ధర్మరాజుకు మాట ఇచ్చినవాడు. ఆ సంగతి కర్ణుడికి తెలియదు. నమ్మకం పోయిన నోటి నుంచి వచ్చిన సత్యం కూడా వినిపించదు. ఎయిర్ ఫ్రాన్స్ 447లో వేగం మరీ పడిపోయినప్పుడు స్టాల్ హెచ్చరిక ఆగిపోయింది, ముక్కును కిందికి దించినప్పుడు మళ్లీ మోగింది. సరైన పని చేసినప్పుడు కేక వేసి, తప్పు చేస్తున్నప్పుడు మౌనం వహించిన ఆ హెచ్చరిక పైలట్లకు శల్యసారథ్యమే అయింది.

కృష్ణుడి జోక్యం అర్జునుడి స్వాతంత్ర్యానికి భంగంగా ఎవరికీ తోచదు. దానికి రెండు కారణాలు. ఉద్యోగపర్వంలో నారాయణసేనను కాదని ఆయుధం పట్టని కృష్ణుణ్ణి అర్జునుడు తెలిసి ఎంచుకున్నాడు. రెండవది, కృష్ణుడు అదే రథం మీద ఉన్నాడు, ఆ బాణాలకు ఎదురుగానే కూర్చున్నాడు. ఉపమానానికి హద్దు ఉంది. కృష్ణుడు సర్వజ్ఞుడు. యంత్రానికి ఒక సెన్సర్ చెప్పినదే సర్వం. అయినా అడగకుండా చేసే మేలు ఎప్పుడు న్యాయమవుతుందన్న విషయంలో ఈ సన్నివేశం దారి చూపుతుంది. ఎంచుకున్నవాడికి అది తెలిసి ఉండాలి, చేసేవాడు ఫలంలో పాలుపంచుకోవాలి.

ముగింపు

పై పరిశీలన వల్ల మూడు అంశాలు సిద్ధిస్తున్నాయి. పైలట్‌కు తెలియని అధికారాన్ని యంత్రానికి ఇవ్వడం, అది ఎంత చిన్నదైనా, నీతిరీత్యా సమర్థనీయం కాదు. తెలిసిన అధికారమైనా దాన్ని నిలువరించే శక్తి పైలట్‌కు వాస్తవంగా ఉండాలి. ఏ మేరకు అతని స్వాతంత్ర్యాన్ని పరిమితం చేస్తారో ఆ మేరకు బాధ్యత కూడా పరిమితం చేసినవారికి బదిలీ కావాలి.

మొదటి రెండు అంశాలను విమానరంగం కొంతవరకు గుర్తించింది. 2020 నవంబరులో అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ 737 మాక్స్‌ను తిరిగి అనుమతించినప్పుడు ఎంకాస్ రెండు సెన్సర్లనూ పోల్చి చూసేలా, ఒక్కో సందర్భంలో ఒక్కసారే పనిచేసేలా, పైలట్ కాలమ్ లాగితే తట్టుకోగల పరిమితిలోనే ఉండేలా మార్చారు. సిమ్యులేటర్ శిక్షణను తప్పనిసరి చేశారు. విద్య, సామర్థ్యం తిరిగి పైలట్‌కు చేరాయి. అందుకు 346 ప్రాణాలు మూల్యమయ్యాయి.

మూడవ అంశం ఇంకా మిగిలే ఉంది. 2021 జనవరిలో అమెరికా న్యాయశాఖతో కుదిరిన ఒప్పందంలో బోయింగ్ సంస్థ 250 కోట్ల డాలర్లకు పైగా చెల్లించడానికి అంగీకరించింది. క్రిమినల్ విచారణకు నిలిచిన సంస్థ మాజీ సాంకేతిక పైలట్ ఒకరిని 2022 మార్చిలో జ్యూరీ నిర్దోషిగా ప్రకటించింది. రూపకల్పన వందలాది మంది చేతుల మీదుగా సాగినప్పుడు ఏ ఒక్కరూ పూర్తి కర్త కారు. అందరి చేతులూ దాటివచ్చిన నిర్ణయం చివరకు కాక్‌పిట్‌లోని ఇద్దరి చేతుల్లో ఫలిస్తుంది. ప్రయాణిక విమానాలను ఒకే పైలట్‌తో నడపాలన్న ఆలోచనలు సాగుతున్న ఈ కాలంలో, తరువాత పైలట్ లేని విమానాలు కూడా రావచ్చునన్న ఈ కాలంలో ఈ ప్రశ్న మరింత తీవ్రమవుతుంది. అర్థిత్వం గల చివరి మనిషిని కూడా కాక్‌పిట్ నుంచి దించేస్తే, ఆ విమానంలో ఫలం తాకే వారు ప్రయాణికులు మాత్రమే అవుతారు. వారి చేతిలో ఏ అధికారమూ ఉండదు. అప్పుడు విమానం చేత దింపించే ప్రయోజక కర్త ఎవరో, అతని పేరేమిటో, అతడు ఎవరికి జవాబు చెప్పాలో విమానం నేల విడవకముందే నిర్ణయించి రాసి ఉంచడం నాగరిక సమాజం కనీస ధర్మం.